గని మూతపడితే గ్లేజ్ ఆగాలా?

ఆవకాయ జాడీ మీది నిగనిగలోనూ, వాష్‌బేసిన్ తెలుపులోనూ, వంటింటి గోడ టైల్‌లోనూ కరిగి ఉన్న రాయి ఫెల్డ్‌స్పార్. భూమి పైపొరలో సగానికి పైగా ఈ ఖనిజ కుటుంబమే. ఇంత విస్తారంగా ఉన్న రాయికి కరువేమిటని ఎవరైనా అడగొచ్చు. కానీ సొంత చక్రం, సొంత బట్టీ పెట్టుకుని పింగాణీ, స్టోన్‌వేర్ పాత్రలు చేసే స్టూడియో కళాకారులు కొన్ని దశాబ్దాలుగా ఒకదాని వెంట ఒకటి ఫెల్డ్‌స్పార్‌లను పోగొట్టుకుంటూనే ఉన్నారు. అమెరికాలో అరిజోనా నుంచి వచ్చిన కింగ్‌మన్ పోయింది. మెయిన్ రాష్ట్రపు ఆక్స్‌ఫర్డ్ పోయింది. కెనడాలోని క్యూబెక్ నుంచి వచ్చే బకింగ్‌హామ్ పోయింది. నార్త్ కరొలైనా వారి కోనా ఎఫ్-4, జార్జియా వారి జి-200, ఇంగ్లండ్‌లో రెండు శతాబ్దాలకు పైగా పింగాణీ పరిశ్రమను పోషించిన కార్నిష్ స్టోన్ కూడా అదే దారి పట్టాయి. ఈ పేర్లు గ్లేజ్ పుస్తకాల్లో ఇంకా ఉన్నాయి, బజారులో లేవు. పోయినప్పుడల్లా కళాకారులు అడిగే ప్రశ్న ఒకటే: దీనికి బదులు ఏది వాడాలి? ఆ ప్రశ్న వేసే తీరులోనే చిక్కుందని నా అభిప్రాయం. పోయిన రాయికి కవలను వెతికితే దొరకదు. ఆ రాయి గ్లేజ్‌లోకి ఏమేం తెచ్చిందో లెక్క తీసి, ఆ సరుకును వేరే దారిన సమకూర్చుకోవడమే దీనికి మందు. ఆ లెక్క అందుబాటులో ఉండాలంటే గ్లేజ్ పాళ్లు రాసిపెట్టుకునే పద్ధతే మారాలి. గనుల పేర్లతో రాసిన పాళ్లు సగం రాసిన పాళ్లే. పచ్చడి కొలతల్లో ‘గుంటూరు మిరప’ అని రాసి ఊరుకుంటే ఏ రకం, ఎంత ఘాటు అన్నది తేలదు కదా, ఇదీ అంతే.

ముందు ఈ రాయి చేసే పనేమిటో చూడాలి. గ్లేజ్ అంటే పాత్రకు అంటుకుని కరిగిన గాజు. గాజుకు మూలం పలుగురాయి, అంటే సిలికా. అది ఒంటరిగా కరగాలంటే 1,700 డిగ్రీల సెల్సియస్ దాటాలి. ఏ స్టూడియో బట్టీ ఆ వేడికి పోదు. సిలికాను 1,200, 1,300 డిగ్రీలకే లొంగదీయాలంటే సోడియం, పొటాషియం, కాల్షియం ఆక్సైడ్ల సాయం కావాలి. వీటిలో మొదటి రెండూ మహా బలమైనవి. అయితే చాకలి సోడా, పొటాష్ లాంటి చౌక ముడిసరుకులన్నీ నీళ్లలో కరిగిపోతాయి. గ్లేజ్‌ను నీళ్లలో కలిపి, ఒకసారి కాల్చిన పాత్రను అందులో ముంచి తీస్తారు. కరిగిన సోడా ఆ నీటితోపాటే పాత్ర గోడలోకి ఇంకుతుంది, ఆరేటప్పుడు అంచులకు చేరి ఉప్పులా పేరుకుంటుంది. పూత ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా తయారవుతుంది. ఫెల్డ్‌స్పార్ ఈ బెడద లేకుండా సోడియం, పొటాషియంలను రాతిలో బంధించి, నీళ్లకు లొంగకుండా తెచ్చి ఇస్తుంది. వాటితోపాటు కరిగిన గ్లేజ్ జారిపోకుండా పట్టి ఉంచే అల్యూమినా, గాజుకు కావలసిన సిలికా కూడా అదే తెస్తుంది. శుద్ధమైన పొటాష్ ఫెల్డ్‌స్పార్‌లో సిద్ధాంతం ప్రకారం పొటాషియం ఆక్సైడ్ 16.9 శాతం, అల్యూమినా 18.4, సిలికా 64.7 ఉండాలి. గనిలో దొరికే రాయి ఎప్పుడూ ఇంత శుద్ధంగా ఉండదు. పొటాష్ (పొటాషియం ఆక్సైడ్) రకంలో కొంత సోడా (సోడియం ఆక్సైడ్), సోడా రకంలో కొంత పొటాష్ కలిసి ఉంటాయి, పలుగురాయి కూడా కొంత చేరుతుంది. ఏ గని సరుకుకు ఆ గని స్వభావం రావడానికి కారణం ఇదే.

గనులు ఎందుకు ఆగిపోతాయి? రాయి అయిపోవడం వల్లే అనుకుంటే పొరపాటు. ప్రపంచంలో తవ్వే ఫెల్డ్‌స్పార్‌లో అత్యధిక భాగం గాజు ఫ్యాక్టరీలకు, టైల్స్, శానిటరీవేర్ కంపెనీలకు పోతుంది. వాళ్లు ఓడల లెక్కన కొంటారు, స్టూడియో కళాకారుడు బస్తాల లెక్కన కొంటాడు. గని ఉండాలా పోవాలా అన్న నిర్ణయంలో బస్తా కొనేవాడి మాట వినపడదు. నార్త్ కరొలైనాలోని స్ప్రూస్ పైన్ ఇందుకు మంచి ఉదాహరణ. అక్కడ ఒకే రాతి నుంచి ఫెల్డ్‌స్పార్, అభ్రకం, పలుగురాయి మూడూ వేరుచేస్తారు. ఆ పలుగురాయి ఎంత శుద్ధమంటే, కంప్యూటర్ చిప్‌లకు కావలసిన సిలికాన్‌ను కరిగించే మూసలు దానితోనే చేస్తారు. ఇప్పుడు ఆ ఊరు ప్రపంచానికి తెలిసింది పలుగురాయి వల్లే. 2024 సెప్టెంబరులో హెలీన్ తుపాను వరదలకు అక్కడి పనులు ఆగినప్పుడు పత్రికలన్నీ చిప్‌ల గురించే ఆందోళన పడ్డాయి, ఫెల్డ్‌స్పార్ ఊసెత్తిన పత్రిక నా కంటపడలేదు. ఇక భూగర్భం సంగతి. మంచి పొటాష్ ఫెల్డ్‌స్పార్ సాధారణంగా పెగ్మటైట్ అనే ముతక స్ఫటికాల శిలలో దొరుకుతుంది. శిలాద్రవం చల్లబడే చివరి దశలో ఏర్పడే ఈ శిల పొరలు పొరలుగా ఉంటుంది. ఒక పొరలో పొటాష్ ఎక్కువ, పక్క పొరలో సోడా ఎక్కువ. తవ్వకం పది గజాలు ముందుకు జరిగితే బస్తా మీద పేరు అదే ఉంటుంది, లోపలి సరుకు మారుతుంది. అందుకే గని మూతపడటం ఒక్కసారిగా వచ్చిపడిన ఆపదలా కనిపిస్తుంది గానీ, నిజానికి మార్పు అంతకుముందే నిశ్శబ్దంగా మొదలై ఉంటుంది.

జి-200 కథ ఈ విషయాన్ని బాగా తెలియజేస్తుంది. జార్జియాలోని మాంటిసెల్లో దగ్గర తవ్విన ఈ పొటాష్ ఫెల్డ్‌స్పార్ అమెరికా స్టూడియోల్లో ఏళ్ల తరబడి నమ్మకమైన సరుకు. అది కనుమరుగయ్యే దశలో ‘జి-200 హెచ్‌పి’ అని ఒకటి వచ్చింది. పేరులో సగం పాతదే కాబట్టి చాలామంది పాత పాళ్లలో దాన్నే తూచి వేశారు. కానీ హెచ్‌పి అంటే పొటాష్ ఎక్కువ అని అర్థం. సోడా తగ్గి పొటాష్ పెరగడంతో కొన్ని గ్లేజ్‌ల కరుగు మారింది. ఆ తర్వాత ‘జి-200 ఇయు’ అని మరో పేరు వచ్చింది. మూడు పేర్లలోనూ జి-200 ఉంది, మూడూ ఒకటి కావు. కళాకారుల్లో లెక్క తెలిసినవాళ్లు చేసిన పని మాత్రం చాలా సరళం: హెచ్‌పిలో కొంత సోడా ఫెల్డ్‌స్పార్ కలిపేశారు. 14 శాతం పొటాష్, 2 శాతం సోడా ఉన్న రాయిని 70 పాళ్లు, 4 శాతం పొటాష్, ఆరున్నర శాతం సోడా ఉన్న రాయిని 30 పాళ్లు కలిపితే ఆ మిశ్రమంలో పొటాష్ 11 శాతం, సోడా మూడు పైచిలుకు శాతం తేలుతుంది. పాత జి-200 ఉండేదీ ఇంచుమించు అక్కడే. బడిపిల్లలు చేసే సగటు లెక్క ఇది. కింగ్‌మన్ పోయాక చాలామంది సౌత్ డకోటా నుంచి వచ్చే కస్టర్ ఫెల్డ్‌స్పార్ పట్టుకున్నారు, కానీ కస్టర్ విశ్లేషణ పత్రం కూడా ఏళ్ల మీద ఒక్కచోట నిలవలేదు. అంటే 1960లలో కస్టర్ పేరుతో రాసిన పాళ్లు, 2010లలో అదే పేరుతో రాసిన పాళ్లు ఒకే గ్లేజ్ కావు.

లెక్క లేకుండా బరువుకు బరువు మార్చేస్తే ఏమవుతుందో ఒక ప్రసిద్ధ గ్లేజ్‌తోనే చూద్దాం. ఇంగ్లండ్ కళాకారుడు బెర్నార్డ్ లీచ్ పేరుతో ప్రచారంలో ఉన్న 4-3-2-1 గ్లేజ్ ప్రపంచమంతటా విద్యార్థులు మొదట నేర్చుకునే వాటిలో ఒకటి. వందపాళ్లలో పొటాష్ ఫెల్డ్‌స్పార్ 40, పలుగురాయి పొడి 30, సున్నపురాయి పొడి 20, చైనా క్లే 10. దాదాపు 1,280, 1,300 డిగ్రీల దగ్గర కాలుతుంది. ఇందులోని ఫెల్డ్‌స్పార్ దొరకలేదనుకోండి. దుకాణంలో కెనడా నుంచి వచ్చే నెఫెలిన్ సైనైట్ ఉంది. ఇది ఫెల్డ్‌స్పార్‌కు దగ్గర చుట్టం లాంటి శిల, సోడా ఎక్కువ, సిలికా తక్కువ, ఇంకా ముందుగా కరుగుతుంది. 40 పాళ్లకు 40 పాళ్లు వేసేద్దామని చేయి ముందుకు వెళుతుంది. అణువుల సంఖ్యలో లెక్క చూస్తే, అసలు గ్లేజ్‌లో కరిగించే ఆక్సైడ్లన్నీ కలిసి ఒకటి అనుకున్నప్పుడు అందులో పొటాష్ వాటా 0.26, కాల్షియం వాటా 0.74. దానికి అల్యూమినా 0.41, సిలికా 3.7. మార్చిన గ్లేజ్‌లో సోడా, పొటాష్ కలిసి 0.30కి పెరిగాయి. అల్యూమినా 0.46కి ఎక్కింది. సిలికా 3.4కి దిగింది. సిలికాకూ అల్యూమినాకూ ఉన్న నిష్పత్తి తొమ్మిది నుంచి ఏడున్నరకు పడిపోయింది. సిలికా తగ్గి సోడా పెరగడమంటే గ్లేజ్ చల్లబడేటప్పుడు పాత్ర కంటే ఎక్కువగా ముడుచుకుని, సన్నని పగుళ్లు తేలడమే. ఆ కళాకారుడు అప్పుడు నెఫెలిన్ సైనైట్‌ను తిడతాడు. తప్పు రాయిది కాదు.

అదే సైనైట్‌తో లెక్క చేసి పాళ్లు మార్చి చూద్దాం. సైనైట్‌లో సిలికా సుమారు 60 శాతం, అల్యూమినా ఇరవైమూడున్నర, సోడా 10, పొటాష్ 5 అనుకుంటే, అసలు గ్లేజ్ రసాయనానికి సరిపోయే పాళ్లు ఇలా తేలతాయి: సైనైట్ 34, పలుగురాయి 37, సున్నపురాయి 20, చైనా క్లే 9. ఫెల్డ్‌స్పార్ స్థానంలో వేసేది ఆరు పాళ్లు తగ్గించి, పలుగురాయిని ఏడు పాళ్లు పెంచాలన్న ఆలోచన ఊహతో తట్టేది కాదు. లెక్కతోనే వస్తుంది. ఈ లెక్కకు నూట ముప్పై ఏళ్లకు పైబడిన వయసుంది. బెర్లిన్‌లో పనిచేసిన జర్మన్ రసాయన శాస్త్రవేత్త హెర్మన్ సేగర్ (1839–1893) గ్లేజ్‌లను బరువులతో పోల్చడం మాని, అణువుల సంఖ్యతో పోల్చే పద్ధతి పెట్టాడు. కరిగించే ఆక్సైడ్ల మొత్తాన్ని ఒకటిగా తీసుకుని మిగతావాటిని దానితో తూచడమే సేగర్ సూత్రం. బట్టీలో వేడిని కొలవడానికి వాడే సేగర్ శంకువులు కూడా ఆయన 1886లో తెచ్చినవే. శంకువులు ప్రపంచమంతా పాకాయి. సూత్రం మాత్రం చాలాకాలం ఫ్యాక్టరీ ప్రయోగశాలల్లోనే ఉండిపోయింది, ఎందుకంటే చేత్తో చేస్తే ఒక్కో గ్లేజ్‌కు గంట పట్టేది. ఇప్పుడు గ్లేజీ లాంటి వెబ్‌సైట్‌లో పాళ్లు కొడితే క్షణంలో సూత్రం వస్తుంది, అదీ ఉచితంగా. ‘మాకు ల్యాబ్ లేదు, ఈ లెక్కలన్నీ ఎక్కడ చేస్తాం’ అనే అభ్యంతరానికి ఇక బలం లేదు. కావలసింది సరుకు విశ్లేషణ పత్రం, ఒక ఫోను.

అయితే లెక్క కలిసినంత మాత్రాన గ్లేజ్ కలిసినట్టు కాదని అనుభవజ్ఞులు చెబుతారు. ఆ మాటలో నిజముంది. పైన చేసిన మార్పులోనే మొదటి లోటు కనిపిస్తోంది. అసలు గ్లేజ్‌లో ఉన్నది పొటాష్, ఇప్పుడు వచ్చింది ముప్పాతిక వంతు సోడా. సూత్రంలో రెండూ ఒకే గడిలో కూర్చుంటాయి గానీ బట్టీలో ఒకలా ప్రవర్తించవు. సోడా ఫెల్డ్‌స్పార్ 1,118 డిగ్రీలకు కరుగుతుంది. పొటాష్ ఫెల్డ్‌స్పార్ 1,150 దగ్గర మెత్తబడటం మొదలుపెట్టి చాలా పైదాకా చిక్కగా, నిదానంగా కరుగుతుంది. చల్లబడేటప్పుడు సోడా ఉన్న గాజు కాస్త ఎక్కువ ముడుచుకుంటుంది. ఇనుము, రాగి ఇచ్చే రంగుల ఛాయ కూడా మారవచ్చు. కనుక పొటాష్ రకానికి బదులు వెతికేటప్పుడు మొదట పొటాష్ రకాన్నే చూడాలి, అది దొరకనప్పుడే సైనైట్ వైపు పోవాలి. రెండో లోటు నీళ్లలో బయటపడుతుంది. నెఫెలిన్ సైనైట్ బకెట్‌లో ఉన్న కొద్దీ కొంచెం సోడియాన్ని నీటిలోకి వదులుతుంది. దాంతో గ్లేజ్ పలచబడి, పొడి అడుగున గట్టిగా పేరుకుంటుంది. చిటికెడు ఎప్సమ్ సాల్ట్ వేస్తే సర్దుకుంటుంది, కానీ సూత్రం చూసి ఈ సంగతి ముందే చెప్పలేం. ఇక పొడి ఎంత మెత్తగా విసిరారన్నది మూడోది. ఒకే రాయిని మరింత మెత్తగా పట్టిస్తే ముందుగా కరుగుతుంది.

రసాయన విశ్లేషణ పత్రంలో కనిపించని సరుకు ఒక్కోసారి అసలు కథంతా నడుపుతుంది. కార్నిష్ స్టోన్ చూడండి. 1768లో విలియం కుక్‌వర్తీ కార్న్‌వాల్ రాతితో, అక్కడి తెల్ల మట్టితో గట్టి పింగాణీకి పేటెంట్ తీసుకున్న నాటి నుంచి ఇంగ్లండ్ కుండల పరిశ్రమ ఆ రాతి మీద నడిచింది. అందులో స్వల్పంగా ఫ్లోరిన్ ఉంటుంది, కాల్చినప్పుడు అది ఆవిరై పోతుంది. తర్వాతి కాలంలో ఆ ఫ్లోరిన్ తీసేసిన రాయి అమ్మారు. ఇప్పుడు దాని స్థానంలో ఫెల్డ్‌స్పార్, పలుగురాయి, చైనా క్లే కలిపిన మిశ్రమాలు వాడుతున్నారు. ఆక్సైడ్ల లెక్కలో ఇవి దగ్గరగా వస్తాయి, ఫ్లోరిన్ సంగతి మాత్రం అందులో ఉండదు. కాలిఫోర్నియా నుంచి వచ్చిన గెర్‌స్ట్లీ బోరేట్ ఇంకా గట్టి సాక్ష్యం. అది ఫెల్డ్‌స్పార్ కాదు, బోరాన్ ఖనిజం. కానీ ఈ వాదానికి ఎదురు నిలబడే ఉదాహరణ కాబట్టి దాటవేయకూడదు. దాని గని ఆగిపోతుందని 2000 ప్రాంతంలో తెలిసినప్పుడు బదులు మిశ్రమాలు కుప్పలుగా పుట్టుకొచ్చాయి. రసాయనంలో సరిపోయినవి చాలా ఉన్నాయి. అయినా గ్లేజ్ బకెట్‌లో అది జిగురులా పట్టి ఉంచే గుణం, కరిగేటప్పుడు అది ఇచ్చే చారల అందం అన్నీ కలిసి ఒక్క మిశ్రమంలోనూ అచ్చంగా రాలేదు.

మరి లెక్క వల్ల ఒరిగిందేమిటి? ఇక్కడ అవతలి వైపు సాక్ష్యం కూడా చూడాలి. న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీ స్లిప్ అనే బంకమట్టి కాల్చితే దానంతటదే గోధుమరంగు గ్లేజ్ అయ్యేది. 1980ల మధ్యలో దాని తవ్వకం ఆగిపోయింది. ఒక సహజ మట్టిలో ఇనుము, సున్నం, మెగ్నీషియా, ఆల్కలీలు ఎన్నెన్ని పాళ్లలో ఉంటాయో ఊహించుకోండి. దాన్ని అనుకరించడం అసాధ్యమనిపిస్తుంది. కెనడాలోని ఆల్బర్టాలో ఒక కంపెనీ విశ్లేషణ పట్టుకుని, స్థానిక సరుకులతో ఆల్బర్టా స్లిప్ అనే మిశ్రమాన్ని తయారుచేసింది. అది దశాబ్దాలుగా వాడుకలో నిలిచింది. ఎన్నో గ్లేజ్‌లు దానితో మళ్లీ బతికాయి. గెర్‌స్ట్లీలో ఓడిపోయి ఆల్బనీలో గెలవడానికి కారణం ఏమిటంటే, ఒకదాని విలువ చాలావరకు దాని భౌతిక గుణంలో ఉంది, రెండోదాని విలువ చాలావరకు రసాయనంలో ఉంది. ఫెల్డ్‌స్పార్ ఈ రెండింటిలో రెండో వర్గానికే దగ్గర. అది జిగురు లేని రాతిపొడి, నీళ్లలో మౌనంగా ఉంటుంది, చివరికి పూర్తిగా కరిగి గాజులో కలిసిపోతుంది. కాబట్టి లెక్క ఇచ్చే సమాధానం ఫెల్డ్‌స్పార్ విషయంలో నూటికి నూరు కాకపోయినా గమ్యానికి చాలా దగ్గరగా దింపుతుంది. మిగిలిన దూరం పరీక్ష బిళ్లలతో నడవాలి. లెక్క లేకుండా బిళ్లలు మొదలుపెట్టినవాడు పది దిక్కుల్లో వెతుకుతాడు. లెక్క చేసినవాడు ఒకే దిక్కులో వెతుకుతాడు.

ఒక చోట మాత్రం ఈ పద్ధతి చేతులెత్తేస్తుందని ఒప్పుకోవాలి. జపాన్‌లోని మినో ప్రాంతంలో 16వ శతాబ్దం చివర పుట్టిన షినో గ్లేజ్ దాదాపు మొత్తం ఫెల్డ్‌స్పారే, కాస్త మట్టి తప్ప వేరే ఏమీ ఉండదు. పైన సైనైట్ లెక్కలో పలుగురాయిని పెంచి, మట్టిని తగ్గించి సర్దుకోగలిగాం, ఎందుకంటే అవి పాళ్లలో విడిగా ఉన్నాయి. షినోలో తగ్గించడానికి పలుగురాయి లేదు. కొత్త రాతిలో సిలికా ఎక్కువైతే దాన్ని తీసే దారే లేదు. అలాంటి గ్లేజ్‌లలో రాయి మారితే గ్లేజ్ మారుతుంది, అంతే. ఆ కళాకారులు పాత రాయి కోసం తపించడాన్ని చాదస్తం అనలేం. కానీ వాడుకలో ఉన్న గ్లేజ్‌లలో అలాంటివి కొన్నే. ఫెల్డ్‌స్పార్ సగానికి లోపు ఉండి, పలుగురాయి, మట్టి విడిగా ఉన్న గ్లేజ్‌కు షినో సాకు చూపడం మాత్రం బద్ధకమే.

‘ఇంత తంటా ఎందుకు, ఫ్రిట్ వాడితే పోదా’ అనేది మరో వాదన. ఫ్రిట్ అంటే ఫ్యాక్టరీలో ముందే కరిగించి, నీళ్లలో పోసి పొడి చేసిన గాజు. విశ్లేషణ స్థిరంగా ఉంటుంది, 1,200 డిగ్రీల చుట్టుపక్కల కాల్చే గ్లేజ్‌లకు చక్కగా పనికొస్తుంది. కానీ ధర ఎక్కువ. చాలా ఫ్రిట్‌లలో బోరాన్ ఉంటుంది, అల్యూమినా తక్కువ. ఎక్కువ వేడికి పోయే స్టోన్‌వేర్ గ్లేజ్‌లో ఫెల్డ్‌స్పార్ చేసే పనికి అది మరీ తొందరగా కరిగిపోతుంది. పైగా ఫ్యాక్టరీ పేర్లు మాత్రం శాశ్వతమా? ఫ్రిట్‌లకు మారుపేరైపోయిన ఫెర్రో కంపెనీ 2022లో వేరే సంస్థలతో కలిసి వైబ్రాంట్జ్‌గా మారిపోయింది.

ఈ కథలో మన నేలకూ పాత్ర ఉంది, అదీ చిన్నది కాదు. దేశంలో ఫెల్డ్‌స్పార్ తవ్వే రాష్ట్రాల్లో రాజస్థాన్ తర్వాత చెప్పుకోవలసినవి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ. గూడూరు, సైదాపురం చుట్టూ ఉన్న నెల్లూరు అభ్రకం పట్టీలో ఉన్నది పెగ్మటైట్ శిలే. ఒకే శిలలో అభ్రకం, పలుగురాయి, ఫెల్డ్‌స్పార్ ఒదిగి ఉంటాయి. పాలమూరు ప్రాంతంలోనూ ఈ నిక్షేపాలున్నాయి. అమెరికాలో పాత పొటాష్ ఫెల్డ్‌స్పార్‌లు పోయాక అక్కడి దుకాణాలు బదులుగా అమ్ముతున్న వాటిలో ‘మహావీర్’ అనేది భారత్ నుంచి ఎగుమతి అయిన రాయే. అంటే అక్కడివాళ్లు వెతుక్కుంటున్న బదులు మన వాకిట్లో ఉంది. ఇక్కడి కళాకారుడి చిక్కు తలకిందులుగా ఉంటుంది. 1971లో రే మీకర్, డెబొరా స్మిత్ పుదుచ్చేరిలో గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ పెట్టిన తర్వాత మన దేశంలో స్టూడియో స్టోన్‌వేర్ వేళ్లూనుకుంది. కానీ గ్లేజ్ పుస్తకాలు మాత్రం ఇంగ్లండ్, అమెరికాలవే. హైదరాబాద్‌లోనో విశాఖపట్నంలోనో ఆ పుస్తకం తెరిచేవాళ్లకు కింగ్‌మన్, జి-200 ఎన్నడూ దొరకలేదు. ఆ పేర్లు వాళ్లకు మొదటి రోజు నుంచే మూతపడిన గనులు. దొరికే బస్తా మీద తరచుగా ‘పొటాష్’ లేదా ‘సోడా’ అన్న ఒక్క మాటే ఉంటుంది. ఏ గనిదో, ఎంత శాతమో ఉండదు. బదులు వెతికే లెక్క మనకు అప్పుడప్పుడు వచ్చే అవసరం కాదు, ప్రతి బస్తాకూ వచ్చే అవసరం.

ప్రభుత్వ విధానం కూడా ఈ రాతి చుట్టూ కదులుతోంది. 2015 ఫిబ్రవరిలో కేంద్రం ఫెల్డ్‌స్పార్‌ను, మరో 30 ఖనిజాలతోపాటు చిన్న ఖనిజాల జాబితాలో చేర్చి పెత్తనం రాష్ట్రాలకు ఇచ్చింది. పదేళ్లకు, 2025 ఫిబ్రవరి 20న ఫెల్డ్‌స్పార్, పలుగురాయి, అభ్రకం, బెరైటీస్‌లను మళ్లీ ప్రధాన ఖనిజాలుగా మార్చింది. కారణం కుండలు కాదు. ఈ పెగ్మటైట్‌లలోనే లిథియం, నియోబియం, టాంటలం, బెరిలియం లాంటి కీలక లోహాలు దాగి ఉండవచ్చు, చిన్న ఖనిజాల లీజుల్లో వాటి లెక్క బయటికి రావడం లేదు. స్ప్రూస్ పైన్‌లో పలుగురాయి పెద్దపీట వేసుకున్నట్టే రేపు ఇక్కడ లిథియం పెద్దపీట వేసుకుంటే, ఫెల్డ్‌స్పార్ పోగుపడి చౌక కావచ్చు, లేదా గని దిశ మారి సరుకు స్వభావమే మారవచ్చు. రెండింటికీ కళాకారుడు సిద్ధంగా ఉండాలి. తవ్వకం మాట వచ్చింది కాబట్టి మరొకటి: ఫెల్డ్‌స్పార్ పొడిలో కలిసి ఉండే పలుగురాయి ధూళి ఊపిరితిత్తులను రాయి చేస్తుంది. రాజస్థాన్ 2019లో సిలికోసిస్ అనే ఈ జబ్బు బాధితుల కోసం ప్రత్యేక విధానమే తేవలసి వచ్చింది. స్టూడియోలో కిలో తూచేవారైనా మంచి మాస్కు కట్టుకోవాలి, నేలను చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో తుడవాలి.

ఇక ఆచరణ. బదులు రాయి తెచ్చిన రోజే దాని విశ్లేషణ అడగాలి. లెక్క చేసి కొత్త పాళ్లు తేల్చాలి. పాత గ్లేజ్, కొత్త గ్లేజ్ రెండు కొసలుగా పెట్టి, మధ్యలో పది పది శాతం తేడాతో మిశ్రమాలు కలిపి బిళ్లలు కాల్చాలి. బిళ్లలను నిలువుగా పెడితే ఎంత జారిందో తెలుస్తుంది. కాలిన బిళ్లను మరిగే నీళ్లలో, ఆ వెంటనే మంచునీళ్లలో ముంచితే దాగిన పగుళ్లు బయటపడతాయి. తిండి వడ్డించే పాత్ర అయితే నిమ్మచెక్కను రాత్రంతా గ్లేజ్ మీద ఉంచి, పొద్దున్నే రంగు వెలిసిందేమో చూడాలి. ఊరగాయ పెట్టే జాడీకి ఇది మరీ ముఖ్యం. ఉప్పు, పులుపు నెలల తరబడి ఆ గాజును తాకుతూనే ఉంటాయి. ఇంత చేసినా కొత్త గ్లేజ్ పాతదానికి అచ్చం రాకపోతే, దాన్ని కొత్త గ్లేజ్‌గా పేరు పెట్టి వాడుకోవచ్చు. తక్కువేం కాదు.

సరుకు అమ్మేవాళ్లను ఒకటి అడుగుదాం: ప్రతి బస్తా మీదా గని పేరు, ఆక్సైడ్ల శాతాలు, పొడి చేసిన తేదీ అచ్చు వేయించండి. తెలుగులో గ్లేజ్‌ల గురించి రాసేవారు పాళ్ల పక్కనే సేగర్ సూత్రం కూడా ఇవ్వండి. ఇక పాఠకుల్లో బట్టీ ఉన్నవారు చేయగల పని ఒకటుంది. ఇప్పుడు మీరు వాడుతున్న ఫెల్డ్‌స్పార్ బస్తాలోంచి ఒక కిలో తీసి, డబ్బాలో మూతపెట్టి, తేదీ రాసి, విశ్లేషణ పత్రం దానికే అంటించి దాచండి. రేపు ఆ గని మూతపడితే కొత్త రాయిని పోల్చి చూడటానికి ఆ కిలో కావాలి.